గుట్ట మీద మిద్దె తోట, రథసప్తమి నుంచి ఉగాది దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, ఖాజాగూడ, మౌలాలి, ఎక్కడైనా సరే, గుట్ట మీదో గుట్ట వాలులోనో ఇల్లు, దాని మీద మిద్దె తోట ఉన్నవాళ్ల కోసం ఇది. కొత్తగా లేచిన టవర్లలో పై అంతస్తుల బాల్కనీ తోటలకీ చాలావరకు పనికొస్తుంది. పల్లంలో, నాలుగు ఇళ్ల మధ్య తోట ఉన్నవాళ్లు చెప్పే సలహాలని ఉన్నవున్నట్టు గుట్ట మీదికి ఎక్కిస్తేనే చిక్కు. వరుసగా చదవక్కర్లేదు కానీ, మొదటి మూడు ప్రశ్నలు మాత్రం వదలకండి.

ఎండలింకా ముదరనే లేదు, నీళ్లు రోజూ పోస్తూనే ఉన్నాం. అయినా మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాలుస్తున్నాయి. కారణం ఏమిటి?

గాలి. ఫిబ్రవరిలో హైదరాబాద్ పగటి ఉష్ణోగ్రత మామూలుగా 31, 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. బీరకో బెండకో అది ఇబ్బంది పెట్టే ఎండే కాదు. ఇబ్బందంతా గాలిలో తేమ తగ్గిపోవడం, ఆ పొడి గాలి తెరిపి లేకుండా వీయడం. ఆకు అడుగున ఉండే సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. గాలి ఆడని చోట ఆ ఆవిరి ఆకుని అంటిపెట్టుకుని పల్చటి పొరగా నిలుస్తుంది, లోపలి నీటిని కొంత కాపాడుతుంది. గుట్ట మీద ఆ పొరని గాలి ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. వేరు పంపే నీటి కంటే ఆకు పోగొట్టుకునే నీరు ఎక్కువవుతుంది. ఇక మొక్క రంధ్రాలు మూసేసుకుంటుంది. ప్రాణం దక్కుతుంది కానీ ఎదుగుదల ఆగిపోతుంది. నెల గడిచినా సొర తీగ జానెడే ఉందంటే సంగతి ఇదే.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. గాలికి ఎదురుగా ఉన్న వైపు ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగి, వేళ్లతో నలిపితే పొడిపొడి అవుతాయి. అవతలి వైపు ఆకులు పచ్చగానే ఉంటాయి. నీళ్లు చాలకపోతే మొక్క మొత్తం ఒకేలా వాలుతుంది. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ముదురాకుల కొసలు ముందు మాడతాయి. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోకుండా మగ్గు పట్టుకోవద్దు. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దింపండి. తడి తగిలితే ఆ పూటకి నీళ్లు అక్కర్లేదు. తడి ఉండగానే మళ్లీ పోస్తే వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, మొక్క మళ్లీ వాలుతుంది, మనం మళ్లీ పోస్తాం.

గాలులు జూన్, జూలైలో కదా ఎక్కువ? అప్పుడు లేని బెడద ఇప్పుడెందుకు?

నిజమే, మన నగరంలో బలమైన గాలులు వానాకాలం మొదట్లో పడమటి వైపు నుంచి వచ్చేవే. కానీ ఆషాఢం గాలి తడి గాలి. కొమ్మలు విరుస్తుంది గానీ ఆకుని ఎండగట్టదు. ఫాల్గుణం గాలికి అంత బలం లేదు, తేమా లేదు. పైగా ఇప్పుడు తోటలో ఉన్నవి రెండాకుల మొలకలు, నాలుగాకుల నారు. వేసవి పంట పసితనమంతా ఈ గాలిలోనే గడవాలి.

పిట్టగోడ ఎత్తు పెంచితే సరిపోతుందా? లేదా రేకులు, ఫ్లెక్సీలు కట్టేస్తే?

వద్దు. ఈ ఒక్క సలహా పాటించినా చాలు. గాలిని పూర్తిగా ఆపే గోడ పెడితే గాలి ఆగిపోదు, గోడ మీంచి దూకి అవతల సుడి తిరుగుతుంది. పిట్టగోడకి ఆనించి పెట్టిన కుండీల్లో మొక్కలు గిరగిరా తిరిగినట్టు ఊగడం చూసే ఉంటారు, అది ఆ సుడే. గాలిని ఆపకూడదు, వడకట్టాలి. సగం ఖాళీ, సగం అడ్డు ఉన్న తెర అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. కొంత గాలి తెరలోంచి నిదానంగా జారిపోతుంది కాబట్టి అవతల సుడి పుట్టదు. అలాంటి తెర ప్రభావం దాని ఎత్తుకి సుమారు పది రెట్ల దూరం దాకా ఎంతో కొంత కనిపిస్తుంది. అంటే ఆరడుగుల తెర మామూలు ఇంటి మిద్దెకి ధారాళంగా సరిపోతుంది.

చేతికందే సరుకు 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్, అంటే సగం ఎండని ఆపే నీడ వల. నెత్తిన పందిరిలా కాకుండా, గాలి వచ్చే వైపు నిలువుగా కట్టండి. ఇక్కడ కక్కుర్తి పడకూడనిది నెట్ దగ్గర కాదు, స్తంభాల దగ్గర. గాలి వేగం రెట్టింపయితే తెర మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఇసుక నింపిన పెయింట్ డబ్బాలో బొంగు గుచ్చి నెట్ కట్టేస్తే మొదటి ఈదురుగాలికే అది తెరచాపై కూర్చుంటుంది, కుండీలతో సహా వీధిలో పడుతుంది. కింద ఎవరున్నారో మనకి తెలియదు. జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప గొట్టాలు) పిట్టగోడకి క్లాంపులతో బిగించాలి. అడుగున జానెడు ఖాళీ వదలాలి. నెట్ అంచులకి గట్టి తాడు కుట్టించి, పైపులకి కట్టేటప్పుడు మాత్రం సన్నటి సుతిలి వాడండి. మరీ పెద్ద గాలి వస్తే సుతిలి తెగి నెట్ జారిపోతుంది, పైపు నిలబడుతుంది.

నా ఓటు మాత్రం పచ్చటి తెరకే. సగానికి కోసిన డ్రమ్ముల్లో గోరింట, నందివర్ధనం, కరివేపాకు వరుసగా పెట్టి, వాటి మధ్య జాలీ మీద తీగ బచ్చలి పాకిస్తే రెండేళ్లలో మంచి అడ్డు తయారవుతుంది, పప్పులోకి బచ్చలీ దొరుకుతుంది. అది ఎదిగేదాకా నెట్ తప్పదు.

గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఎలా తెలుస్తుంది?

మిద్దె నాలుగు మూలలా కర్రలకి పాత చీర పేలికలు కట్టి వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. చలికాలం చివర మన దగ్గర తూర్పు, ఆగ్నేయం వైపు నుంచి గాలి ఎక్కువ. మే వచ్చేసరికి పడమరకి, వాయవ్యానికి మళ్లుతుంది. అయితే పక్కన పది అంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఈ లెక్కలన్నీ తారుమారు. అది గాలిని చీల్చి మీ మిద్దె మీదికి ఏ మూల నుంచి తోస్తుందో పేలికే చెప్పాలి.

ఏ విత్తనాలు ఎప్పుడు పెట్టాలి? మా అత్తమ్మ ఉగాదికి పెట్టాలంటారు, గ్రూపులో సంక్రాంతికే పెట్టమంటున్నారు.

అత్తమ్మ మాట కొట్టిపారేయకండి. నీటి వసతి ఉండి, మట్టి లోతున్న పెరటికి ఆమె లెక్క సరైనదే కావచ్చు. అడుగు లోతు కుండీకి మాత్రం ఉగాది ఆలస్యం. సంక్రాంతికి పెడితే ఇంకో రకం తంటా. రాత్రుళ్లు 15, 16 డిగ్రీలకి పడుతుంటే బీర, కాకర గింజలు మట్టిలో ముడుచుకుని పడుకుంటాయి, కొన్ని కుళ్లిపోతాయి. మిద్దె మీద గాలికి కుండీ మట్టి నేల కంటే ఇంకా చల్లబడుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరికే అనలేదు. రథసప్తమికీ శివరాత్రికీ మధ్య పెడితే మొలక చలి నుంచి తప్పించుకుంటుంది, కాపు మే ఎండలకి ముందే అందుతుంది. బెండ, బీర నెలన్నరకి కాయ ఇస్తాయి. సొర, కాకరకి ఇంకో రెండు వారాలు కలుపుకోండి. అంటే ఏప్రిల్ మొదటికి కాయలు కోస్తుంటారు, 40 డిగ్రీలు వచ్చేనాటికి పెట్టిన శ్రమ చాలావరకు తిరిగొచ్చేస్తుంది.

ఈ కాలానికి నమ్మకంగా వచ్చేవి బీర, సొర, కాకర, దోస, బెండ, గోరుచిక్కుడు. ఆకుకూరల్లో తోటకూర, గోంగూర, బచ్చలి. పాలకూర మార్చి దాకా బండి లాగుతుంది. కొత్తిమీర ఇప్పుడు వేస్తే నాలుగాకులు వేసి పూతకి పోతుంది. నీడ ఉన్న మూల తప్ప పెట్టి లాభం లేదు. టమాటా నారు ఇప్పుడు నాటకండి. అది పూతకొచ్చేది ఏప్రిల్‌లో. పగలు 35 దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. అక్టోబర్‌లో నాటిన టమాటా ఇంకా కాస్తుంటే కాయనివ్వండి. చిక్కుడు పని అయిపోయింది, పాదు తీసేసి ఆ పందిరి బీరకివ్వండి. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ మిగిలి ఉంటే కోసేసుకోండి.

విత్తనాలకి రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వైపు వెళ్లగలిగితే ఓసారి అడిగి చూడండి. బెండలో అర్కా అనామిక లాంటి పాత రకాలు మిద్దె మీద నిలకడగా కాస్తాయి, విత్తనమూ దాచుకోవచ్చు.

క్యాలెండర్ చూడకుండా అదను తెలుసుకోవచ్చా?

కళ్లు తెరుచుకుని బయట తిరిగితే చాలు. బూరుగు చెట్టు ఆకులన్నీ రాల్చి ఎర్రటి పూలతో నిలబడిందంటే పాదులకి మట్టి కలుపుకోవాలి. అనంతగిరి కొండల వైపు వెళ్లినప్పుడు మోదుగ పూసి కనబడితే గింజలు మట్టిలో ఉండాలి. వీధిలో రావిచెట్టు రాగి రంగు చిగురు వేసిందంటే విత్తే సమయం అయిపోవచ్చినట్టే. వేప పూత రాలుతుంటే ఇక కొత్తగా ఏమీ పెట్టకండి, ఉన్నవి కాపాడుకోండి.

నేరుగా విత్తాలా, నారు పోసి నాటాలా?

తీగజాతులు నేరుగానే. వాటి వేరు కదిలితే తట్టుకోలేవు. కాకర గింజ పెంకు గట్టిది, ఒక రోజంతా నానబెట్టండి. సొరకి రాత్రంతా చాలు. వంగ, మిర్చి నారు నాటుకోవాలి. నర్సరీ నుంచి తెచ్చిన నారు నీడలో, గాలి లేని చోట పెరిగింది. దాన్ని తెచ్చిన రోజే గుట్ట మీద నాటడం పసిబిడ్డని ఎండలో నిలబెట్టడమే. వారం పాటు పొద్దున ఒక గంట, తర్వాత రెండు గంటలు, అలా గాలికి అలవాటు చేసి, ఒక సాయంత్రం నాటండి. అడుగు కోసేసిన రెండు లీటర్ల నీళ్ల సీసా మూత తీసి మొక్క చుట్టూ దిగేస్తే గాలి తగలదు. సీసా కనీసం నాలుగు వేళ్ల లోతు దిగాలి, లేకపోతే అదే ఎగిరిపడి మొక్కని విరుస్తుంది.

పందిరి ఎంత ఎత్తు వేయాలి? తీగ ఎక్కించినా జారిపోతోంది.

గుట్ట మీద నిలువు జాలీ కంటే పడుకున్న పందిరి మేలు. నాలుగు, ఐదు అడుగులు చాలు. కిందికి వేలాడే కాయలు గాలికి తక్కువ కొట్టుకుంటాయి, వంగి కోయడమూ పెద్ద పని కాదు.

తీగ జారడానికి కారణం నులితీగ. బీర నులితీగ కొస ఏదైనా తగిలితే దాని చుట్టూ మెలిక వేసుకుంటుంది. దానికి కొన్ని గంటల నిలకడ కావాలి. గాలికి తీగ అటూ ఇటూ ఊగుతుంటే పట్టు దొరకదు, గాలిలోనే స్ప్రింగులా చుట్టుకుని ముదిరిపోతుంది. అలా ముదిరినది ఇక దేన్నీ పట్టుకోదు. కాబట్టి మొదటి మూడడుగులు మీరే కట్టాలి. పాత నూలు బట్ట వేలెడు వెడల్పు పేలికలుగా చింపండి. కర్రకి ఒక చుట్టు, తీగకి ఒక చుట్టు, మధ్యలో ఒక మెలిక, ఎనిమిది అంకె ఆకారంలో రావాలి. తీగ వైపు చుట్టులో మీ చిటికెన వేలు దూరాలి. ప్లాస్టిక్ తాడు, కరెంటు వైరు ముక్క వద్దు. ఊగినప్పుడల్లా అది కాండాన్ని కోస్తుంది, ఆ గాటు దగ్గరే తెగులు మొదలవుతుంది.

పూలు విరగబూస్తున్నాయి. పిందె మాత్రం కట్టడం లేదు.

మొదట వచ్చేవన్నీ మగపూలే, ఒకటి రెండు వారాలు ఓపిక పట్టండి. ఆడపువ్వు వెనక చిటికెన వేలంత కాయ ఆకారం ఉంటుంది. అవి వచ్చాక కూడా పిందె పసుపు రంగుకి తిరిగి రాలిపోతోందంటే పుప్పొడి అందలేదన్నమాట. గాలి గట్టిగా ఉన్నప్పుడు తేనెటీగలు పైకి రావు. అవి చేయాల్సిన పని మీరు చేయాలి.

వేళ ముఖ్యం. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి; కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున. బీర పువ్వు దగ్గరికి సాయంత్రం దీపాల వేళకి వెళ్లండి. మగపువ్వు కోసి పసుపు రేకలు వెనక్కి విరిచేస్తే మధ్యలో పుప్పొడి కాడలు మిగులుతాయి. గోటి మీద రాసి చూడండి, పసుపు పొడి అంటాలి. అంటకపోతే అది పాత పువ్వు, ఇంకొకటి కోయండి. ఆడపువ్వు మధ్యలో బొడిపెల్లా ఉన్న భాగానికి అన్ని వైపులా మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి వస్తుంది. పని చేసిన పువ్వుకి దారం కడితే మర్నాడు లెక్క తెలుస్తుంది. మూడో రోజుకి పిందె నిక్కి పచ్చబడితే నిలిచినట్టు.

డ్రమ్ములో మామిడి నిండా పూసింది. గాలికి పూత, పిందె రాలిపోతున్నాయి. ఏం కొట్టాలి?

ఏమీ కొట్టొద్దు. మామిడి పూతలో చాలాభాగం మగపూలే. నిలిచిన పిందెల్లోనూ చెట్టు మోయగలిగినవే ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది. డ్రమ్ములో చిన్న చెట్టుకి పది కాయలు దక్కితే సంతోషించాలి. పూత మీద ఉండగా నీళ్లు ముంచెత్తకండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక క్రమంగా పెంచండి. ఒకరోజు ఎండగట్టి మర్నాడు బిందెడు పోస్తేనే గాలి కంటే ఎక్కువ పిందె రాలుతుంది. ఆకుల మీద జిగట, దాని మీద నల్లటి మసి కనిపిస్తే మాత్రం తేనెమంచు పురుగు చేరినట్టు.

రోజుకి ఎన్నిసార్లు నీళ్లు?

మార్చి మధ్య దాకా పొద్దున్నే ఒకసారి, నిండుగా, అడుగు రంధ్రంలోంచి కారేదాకా. పైపైన రెండు పూటలా చిలకరిస్తే వేళ్లు పైకే వస్తాయి, పైమట్టినే గాలి ముందు ఆరబెడుతుంది. మిద్దె బరువు తగ్గుతుందని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ కలిపినవాళ్ల కుండీలు ఇంకా త్వరగా ఆరుతాయి. ఎర్రమట్టి కనీసం మూడో వంతు ఉంటే తడి నిలుస్తుంది, గాలికి కుండీ పడిపోకుండా అడుగున బరువూ ఉంటుంది.

బోరు నీళ్లే దిక్కైన ఇళ్లలో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. గ్రానైటు రాళ్ల మధ్య నుంచి వచ్చే నీరు, లవణాలు తప్పవు. నల్లా వచ్చిన రోజు ఆ నీళ్లతో కుండీని రెండు సార్లు నిండుగా కడిగేయండి. ఆర్‌వో మిషన్ వదిలే నీళ్లని మొక్కలకి నేరుగా పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

మల్చింగ్ (మట్టి ఆరకుండా పైన పరిచే ఆకుల కప్పు) వేస్తే గాలికి ఎగిరిపోతోంది.

ఈ నెలల్లో నగరమంతా వేపాకు, నిద్రగన్నేరు ఆకు రాలుతుంది. జనం చీపుళ్లతో ఊడ్చి తగలబెడుతుంటే చూడలేక సంచులకెత్తుకొస్తాం, అది మర్నాటికి పక్కింటి మిద్దె మీద ఉంటుంది. ఆకుని ఒక రాత్రి తడిపి, మూడు వేళ్ల మందం పరిచి, పైన గుప్పెడు మట్టి చల్లండి. ఇంకా ఎగిరితే పాత నెట్ ముక్క కప్పి అంచులకి నాలుగు రాళ్లు పెట్టండి. కాండానికి రెండు వేళ్ల దూరం వదిలేయడం మర్చిపోకండి.

గాలికి పడకుండా పెద్ద మడులు కట్టేసి మట్టి నింపితే?

ముందు ఇంజినీరుని పిలవండి. మామూలు ఇంటి మిద్దెకి మనుషులు తిరగడానికి లెక్కలో పెట్టుకునే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. అడుగు లోతు తడిసిన మట్టి అదే చోట 500 కిలోలు దాటుతుంది. బరువైనవి దూలాలు, పిల్లర్ల మీదికి వచ్చేలా గోడల వెంట పెట్టాలి. కుండీలు పడకుండా ఉండాలంటే నాలుగైదు దగ్గరగా చేర్చి ఒకే తాడుతో చుట్టేయండి. ఒకదాని నీడ ఇంకొకదానికి, ఒకదాని తేమ ఇంకొకదానికి.

ఆకుల కింద సన్నటి ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. మిర్చి ఆకులేమో ముడుచుకుంటున్నాయి.

మొదటిది ఎర్రనల్లి. పొడి వాతావరణం దానికి పండగ, పైగా గాలి మీద తేలుతూ ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకి వెళ్తుంది. రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుభాగం గట్టిగా కడిగితే సగం పోతుంది. మిర్చి ఆకు పైకి, పడవలా ముడిస్తే తామరపురుగు. కిందికి ముడిస్తే నల్లి. రెండింటికీ లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నురగ కలిపి కొట్టొచ్చు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. గాలిలో కొడితే మందు మీ కళ్లలో పడుతుంది. సూర్యుడు రాకముందు గాలి కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడే కొట్టండి.

మల్లె, కరివేపాకు?

మల్లె కత్తిరింపు జనవరి చివరికే అయిపోవాలి. ఇప్పుడు కత్తెర పెడితే మొగ్గలు పోతాయి. కరివేపాకు కొసలు ఇప్పుడు తుంచితే గుబురుగా వస్తుంది.

కోతులు?

దీనికి జవాబు ఉంటే అందరికంటే ముందు నేనే చెప్పేదాన్ని. బీర, కాకర జోలికి అంతగా రావు. టమాటా, జామ అయితే వదలవు.

నెత్తిన షేడ్ నెట్ ఎప్పుడు కట్టాలి? వడగళ్లకి ఆగుతుందా?

హోలీ దాటాక. అంతకు ముందు కడితే తీగలు వెలుతురు కోసం సన్నగా సాగుతాయి. ఆకుకూరలకీ నారుకీ ముందు కట్టండి. బెండ, గోరుచిక్కుడుకి ఏప్రిల్ దాకా అక్కర్లేదు.

మార్చిలోనే ఈదురుగాలులు, వడగళ్లు పడే సంవత్సరాలుంటాయి. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేలంతా తెల్లబడేలా కురిశాయి. చిన్న వడగళ్లని నెట్ ఆపుతుంది. మధ్యలో గుంటలా సాగి రాళ్లు పోగుపడకుండా ఒక పక్కకి వాలుగా కట్టండి. పగలంతా ఉక్కపోసి, సాయంత్రం ఆకాశం ఒక పక్క నల్లబడి, గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే చేతిలో ఉన్నది అరగంటే. వేలాడే కుండీలు కిందికి దించండి, నారు ట్రేలు మెట్ల గదిలోకి చేర్చండి, నెట్ మూలల ముడులు చూసుకోండి. ఉరుములు మొదలయ్యాక మిద్దె మీదికి వెళ్లొద్దు, మొక్కల్ని మళ్లీ పెట్టుకోవచ్చు.

ఉగాదికి నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. ఎవరూ నీళ్లు పోసేవాళ్లు లేరు.

కుండీలన్నీ గాలికి చాటున, గోడ నీడలోకి చేర్చండి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం, మళ్లీ ఆ పొద్దున నిండుగా పోయండి. తీగల చివర లేత కొసలు తుంచేస్తే నీటి ఖర్చు తగ్గుతుంది. కోయదగ్గ కాయలన్నీ చిన్నవైనా కోసేయండి, ముదిరే కాయ చాలా నీరు తాగుతుంది. పెద్ద డ్రమ్ములకి, మూతకి సన్నటి సూదితో బెజ్జం పెట్టిన సీసాలు నింపి తలకిందులుగా గుచ్చితే రెండు రోజులు లాగుతాయి. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చేటట్టయితే ఏ కుండీకి ఎన్ని మగ్గులో సుద్దముక్కతో కుండీ మీదే రాసిపెట్టండి. లేకపోతే మంచితనం కొద్దీ బకెట్లు బకెట్లు పోసేస్తారు.